ఇంకో రెడ్డెమ్మకు పడిన ఇన్సులిన్

ఈ పొద్దు మదనపల్లెలో మా నర్సింగ్ పిల్లల్ని వార్డుకు తీసుకుపోయినా. రెండో సంవత్సరం అమ్మాయి ఒకామె, షుగరున్న రెడ్డెమ్మకు వేయాల్సిన ఇన్సులిన్‌ను పక్క మంచంలో జ్వరంతో పడుకున్న ఇంకో రెడ్డెమ్మ అనే ముసలామెకు వేసేసింది.

నిమిషంలోనే నా దగ్గరికి పరిగెత్తింది. “మేడమ్, తప్పు చేసినా. రెడ్డెమ్మా అంటే ఊఁ అనింది, కేసు షీటు సూడలేదు.”

డాక్టరును పిలిచి గ్లూకోజ్ ఎక్కించినాము. షుగరు పడిపోయి చెమటలు పట్టి మాట తడబడిన ముసలామె సాయంత్రానికి తేరుకుంది. ఆ పిల్ల దాచి ఉంటే ఆ ముసలామె బతికేది కాదు.

అయినా పైవాళ్లు ఆ పిల్లను సస్పెండ్ చేసి వాళ్ల ఊరు పుంగనూరు బస్సెక్కించినారు. సాగనంపడానికి వచ్చిన ఫ్రెండు నా ముందరే అడిగింది: “యాల చెప్పినావే? గమ్మునుంటే ఎవరికి తెలిసేది?”

మిగతా పిల్లలంతా ఆడనే ఉండారు, ఒక్కరూ కాదనలేదు. రేపు ఇంకొకరి చేతిలో తప్పు జరిగితే నాకు చెప్తారంటారా?