అవ్వకూ ఒక రిపోర్టు

మా బీరమ్మ అవ్వ నోట్లో ఎప్పుడూ ఒకటే మాట: "నాగ్గూడ." ఎవరికి ఏది జరిగినా తనకూ జరగాలి. పదో తరగతి తప్పాక నాకు కళ్లజోడు పెట్టిస్తే, అవ్వకూ కావాలి. ఆలూరులో ఏ పెళ్లికూతురికి మెహందీ పెడుతున్నా, పక్కనుంచి అవ్వ చేయి వస్తుంది. వేగలేక చచ్చేవాళ్లం.

పోయిన ఏడు లిదియా అక్కకు వేళ్ల కీళ్లు వాచాయి. ఎండకు బుగ్గలు ఎర్రబడ్డాయి. మొయినాబాద్ డాక్టరమ్మ లూపస్ కావచ్చంది. రోగాల నుంచి కాపాడాల్సిన యాంటీబాడీలే మన ఒంటి మీద తిరగబడతాయట. అవి రక్తంలో ఉన్నాయేమో చూడమని పరీక్ష రాసింది.

ల్యాబులో సూదిని చూసి అక్క లేచి నిలబడింది. ఆ కుర్చీలో అవ్వ కూర్చుంది.

"నాగ్గూడ తియ్యి."

"నీకు రాయలే అవ్వా," అన్నాడు ల్యాబు శ్రవణ్.

"నువ్వు రాయి. పెన్ను లేదా?"

"నీకేం రోగమే అవ్వా?" అన్నాను.

అవ్వ చేయి చాపింది. సూది దిగుతుంటే నా చెవి పట్టుకుని మెలిపెట్టింది. తర్వాత అక్క కూర్చుంది.

తీరా చూస్తే ఇద్దరికీ పాజిటివ్. అవ్వ రిపోర్టు పట్టుకుని వాడంతా తిరిగింది. అక్క మాత్రం దుప్పటి కప్పుకుని, ఖాయం చేసుకోవడానికి డాక్టరమ్మ రాసిన రెండో పరీక్షకు రానంది.

"అయిపోయింది నా పని."

"నాగ్గూడ గదే ఒచ్చింది. నేనేమన్న పండుకున్ననా? పొద్దుగాల కోడిపుంజును ఉరికిచ్చిన. లే, మొయినాబాద్ బస్సు పోతది."

అక్క లేచింది.

రెండో పరీక్ష, కీళ్లు, బుగ్గలు అన్నీ చూసి డాక్టరమ్మ లూపసే అని తేల్చింది. మందులు వాడితే అదుపులో ఉంటుందట, ఎండ తగలొద్దట. అవ్వకు ఏమీ లేదు. రోగం లేకున్నా ముసలివాళ్లకు మొదటి పరీక్ష ఒక్కోసారి అట్లా వస్తుందట.

"మరి నాకు గోళీలు?" అంది అవ్వ, ముఖం చిన్నబుచ్చుకుని.

బస్సులో అవ్వ కునుకుతుంటే నేను గొణిగాను. "ఈమె షోకుకు నా చెవి పోయింది."

"షోకా?" అంది అక్క మెల్లగా. "కరోనా సూది అంటే అవ్వ టమాట తోట్ల దాక్కున్నది, యాది లేదా? జయరాజ్ మామ పొద్దుగూకేదాక దేవులాడిండు."

నా చేయి చెవి మీదికి పోయింది.

ఆదివారం చర్చికి బయలుదేరాం. వాన లేకుండా గొడుగేంటని అక్క సిగ్గుపడింది. "నాగ్గూడ," అంటూ అవ్వ ఇంకో గొడుగు తెరిచింది. అక్క ఎండకు రాసుకునే క్రీమును అవ్వ కూడా ముఖమంతా పూసుకుంది, చెవుల దాకా. ముందు రెండు గొడుగులు, వెనక మాడిపోతూ నేను.

"నాగ్గూడ," అన్నాను.

తెల్లటి ముఖం వెనక్కు తిరిగింది. "నీకేం రోగమే?"