సుగర్ డబ్బాలో మందు

“అప్పా, మందు నానే మానేసేనని రాయించేవా?”

“నోర్ముయ్. బండొచ్చింది, ఎక్కు.”

ఆడికీ నాకూ ఆఖరి మాటలు ఇవే. కొత్తవలస స్టేషన్లో, కిరండోలు బండి కాడ. నా సొంత తమ్ముడు కాడు, నాను పని నేర్పినోడు, అక్కని పిలిసినట్టు అప్పా అని పిలిసీవోడు. ఆడు అడిగింది నిజమే. బుర్రకేసుకునీ మందు ఆడు మాన్లేదు. ఆడే మానేసేడని నాను సెప్పేను, మా మేడమ్ రాసింది. ఆ కాయితం మూలంగా ఇయ్యాల్టికీ ఆడికి మందు నేదు, కాలికి తాడు ఉన్నాది. ఆ కాయితం మారాలని ఇదంతా సెప్తన్నాను. మా తమ్ముడి కూతురు రాస్తన్నాది.

నాను పని సేసేది ఇజీనగరం అవతల ఒక సంస్థలో. బుర్ర బాగోక ఆసుపత్రిలో ఉండొచ్చినోళ్ళు ఇంటికెల్తే ఇంట్లో ఉంచుకోరు, పనికెల్తే పనిలో పెట్టుకోరు. అలగటోళ్ళని మా కాడ ఉంచి, సేతికి పని నేర్పి, ఏళకి మందు మింగడం అలవాటు సేసి, ఎక్కడో ఒక కాడ కుదురుస్తారు. పదిహేడేళ్ళ కింద ఆయాగా సేరేను. సదువుకున్న మేడమ్ ఆల్తో మాటాడి రాసుకుంటాది. పని నేర్పేది, పనికి తీసుకెళ్ళి దింపేది నాను.

ఈ పనికి నాకు బడి మా ఆయన. సాలూరు లారీల మీద డ్రైవరు. గాట్ రోడ్డులో బండి బోల్తా కొట్టి పక్కనున్న క్లీనరు సచ్చిపోయాక ఆయనకి బుర్ర తిరిగింది. అన్నం కంచం ఎత్తి పట్టుకుని స్టీరింగులా తిప్పీవోడు, నోటితో హారన్ కొట్టీవోడు. ముందు నవ్వేను. తరవాత ఏడ్సేను. తరవాత కొట్టేను. దెయ్యమన్నారని ఏపమండల్తో కొట్టించేను, ఈపు సిట్లిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి మూడేళ్ళు. మందేసిన నెలకి మనిషి మనిషయ్యేడు. మనిషయ్యి మొదట అడిగింది ఏటో తెలుసా? “నన్నెందుకే అంతలా కొట్టించేవు?” రెండేళ్ళు బాగా ఉండి, కామెర్లొచ్చి పోయేడు. ఆసుపత్రిలో నాను ఆయనకి మందు మింగించడం సూసినోళ్ళే నన్ను ఈ పనికి పిలిసేరు.

పని నేర్పడానికి నాదొక పద్దతి. ముందు వారం ఉత్తినే కూకోబెడతాను. తరవాత సింతపండు పిక్క తీయిస్తాను. తరవాత అడ్డాకులు ఇచ్చి విస్తర్లు కుట్టిస్తాను. సేతిలో పని అయిపోయాక గోడకేసి సూస్తా కూకున్నోడు ఇంకా తయారవనట్టు. “అయిపోయింది, ఇప్పుడేటి సెయ్యాల?” అని అడిగిన్రోజున మేడమ్‌కి సెప్తాను, ఈడు బయటికెల్లొచ్చని. ఇంకో పాటం కూడా నేర్పుతాను. యజమాని ఏటి సెబితే అది సెయ్యి, ఎదురు సెప్పకు. మిగతా జనం ఎదురు సెబితే మొండోడంటారు. మనోళ్ళు ఎదురు సెబితే మళ్ళీ బుర్ర తిరిగిందంటారు.

ఆడికి, ఆ బండెక్కించినోడికి, ముప్పై ఏళ్ళుంటాయి. ఇంటికాడ బట్టలు కుట్టీవోడు. ఒకరోజు కుట్టుమిషను తనని తిడతన్నాదని దాన్ని నూతిలో పడీసేడు. మా కాడికొచ్చిన మొదటి వారం మూడో రోజే అడిగేడు, “అప్పా, కూకోడం అయిపోయింది, ఇప్పుడేటి?” అని. మేడమ్ కూడా నవ్వింది. అంత తొందరగా తయారైనోణ్ణి నాను మళ్ళీ సూళ్ళేదు.

ఆడికి ముందు ఒకణ్ణి బియ్యం మిల్లులో పెట్టేను. అప్పుడు నిజమే సెప్పేను. “బాబూ, ఈడికి బుర్ర బాగోక బాగయ్యింది, మందేసుకుంటాడు” అని. యజమాని మంచోడు, పెట్టుకున్నాడు. కూలోళ్ళు ఊరుకుంటారేటి? “ఒరే పిచ్చోడా, గెంతరా, టీ పోయిస్తాం.” ఎదురు సెప్పకూడదని నాను నేర్పేను కదా, గెంతేడు. ఒకరోజు బస్తాల మీదకెక్కించి గెంతమన్నారు. కాలిరిగింది. ఆ కాలు పట్టుకుని కూడా నవ్వుతానే ఉన్నాడు, టీ ఇస్తారని. ఆ రోజునుంచి యజమానులకి నిజం సెప్పడం మానేసేను.

సుగర్ అని సెప్పడం మొదలెట్టేను. సుగరంటే ఎవలూ నవ్వరు, బూములున్న బుగతలకీ వస్తాది, మేష్టర్లకీ వస్తాది. మాత్రలు అట్టల్లోంచి తీసి, సుగర్ మందొచ్చే ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలో పోసి ఇచ్చీదాన్ని. మేడమ్‌కి సెప్పలేదు. ముగ్గురికి అలగే సేసేను, ముగ్గురూ నిచ్చేపంలా ఉన్నారు. ఈ బట్టలు కుట్టీవోడికీ అలగే ఇచ్చేను.

“నాకు సుగర్ నేదు కదప్పా?”

“నేకపోతే ఏటి? పిచ్చుందని సెప్పుకుంటావేటి?”

“సుగరంటే మరి టీలో పంచదార ఎయ్యరు కదే” అన్నాడు. ఆడి బెంగ అది.

పలాస కాడ జీడిపప్పు పేక్టరీలో దింపేను. పప్పు సైజు బట్టి ఏరి ఏరేగా పొయ్యడం ఆడి పని. బట్ట కుట్టిన సెయ్యి, పప్పు ఇరక్కుండా ఏరీవోడు. తిండి షావుకారి ఇంట్లోనే. షావుకారి భార్య మెత్తటి మనిషి, పనోళ్ళ పిల్లలకి జొరమొస్తే తనే మంచం పక్కన కూకుంటాది. ఆడి డబ్బా సూసి అన్నాది, “అయ్యో, ఈ వయసుకే సుగరా అమ్మా? మా వారికి నేరేడు గింజల పొడితోనే తగ్గించేశాను, ఇంగ్లీషు మాత్ర ముట్టుకోనివ్వలేదు.”

మావైపు సుగరన్న మాట ఎత్తితే సాలు, పదిమంది పది పసర్లు సెప్తారు. పిచ్చికి పసరు సెప్పీవోళ్ళు ఉండరు, తన్నమంటారు గానీ. ఇంత తెలిసినదాన్ని, ఆ రోజున నాకు బుర్రలోకి రాలేదు. “మీ దయమ్మా” అనీసి బస్సెక్కీసేను.

ఆదివారం ఆదివారం ఫోను సేసీవోడు. “అప్పా, అమ్మగారు కాకర రసం ఇస్తన్నారు, సేదు.”

“తాగు, సచ్చిపోవులే.”

ఇంకో ఆదివారం “అప్పా, అమ్మగారు మందు…” అని ఏదో సెప్పబోయేడు. నాను సంతలో బేరం మీదున్నాను. “పెద్దోళ్ళు సెప్పింది ఇనుకో, ఊరికే నాకు ఫోను సెయ్యకు” అని పెట్టీసేను. మరి సెయ్యలేదు. ఆడు ఎప్పుడూ సెప్పిన మాట ఇన్నాడు, అదే ఆడి కర్మం.

నెల్లాళ్ళకి షావుకారు కబురెట్టేడు. ఎల్లి సూస్తే గోడౌన్లో గోనె పురికోసతో సేతులు కట్టీసి కూకోబెట్టేరు. డబ్బాలన్నీ పగలగొట్టి పప్పంతా నేల మీద పోసేడంట. నన్ను సూసి ఏడ్సేడు. “అప్పా, పప్పుల్ని సూడు. కడుపులో పిల్లల్లాగ ముడుసుకు తొంగున్నాయి. డబ్బాలో పెట్టి మూతెట్టేస్తన్నారు. ఊపిరాడదు కదే ఆటికి.”

షావుకారమ్మ నా సెయ్యి పట్టుకుంది. “సుగర్ తలకెక్కితే ఇలా అవుతుందా అమ్మా? మాత్రలు నేనే తూములో పోయించేశాను. వద్దన్నాడు. మా అప్పని అడగాలి అన్నాడు. పెద్దదాన్ని చెప్తున్నాను కదరా అంటే ఊరుకున్నాడు. పొడి మాత్రం ఒక్క పూట మానకుండా వేశాను.”

ఆమె ఇంకా సుగరే అనుకుంటన్నాది. నాను నోరు తెరిస్తే అయిపోయీది. “అమ్మా, అది సుగర్ మందు కాదు” అంటే సాలు. అన్లేదు. మా కాడినుంచి వచ్చిన ఇద్దరు ఆడపిల్లలు, మందు సంగతి ఎవలికీ తెలీకుండా, అక్కడే పప్పుకి పొట్టు తీస్తన్నారు, నా అబద్దం తెలిస్తే ఆలనీ గెంటేస్తారు. అది సాకు. అసలుది సెప్తన్నాను, రాయి: నా పని పోతాదని బయమేసింది.

ఆసుపత్రిలో ఉంచి సూదులేసేరు, తేరుకున్నాడు. మేడమ్ నన్ను పిలిసి అడిగింది, “మందు ఎవరు ఆపారు?”

“ఆడేనమ్మా.”

“నువ్వు కనుక్కున్నావా?”

“మరింకెవలు ఆపుతారు?”

రాసింది. మా కాడ రూలొకటి ఉన్నాది. ఇంకొకలు మందు మానిపిస్తే మనిషి తప్పు కాదు, మళ్ళీ మందెట్టి మళ్ళీ పనికి పంపుతారు. తనంతట తనే మానేస్తే మరి పంపరు, కాయితం ఇచ్చి ఇంటికంపేస్తారు. ఆ రూలు నాకు తెలుసు. తెలిసే సెప్పేను.

కొత్తవలసకి ఆడి అన్న ఒచ్చేడు. తమ్ముణ్ణి కింద నుంచి పైదాకా సూసి, “ఏటప్పా, సరుకు వాపసు ఇచ్చేస్తన్నారా?” అని నవ్వేడు. నానూ నవ్వేను. అప్పుడే ఆడు, మందు నానే మానేసేనని రాయించేవా అని అడిగింది, నాను నోర్ముయ్ అన్నది. ఆడు ఎక్కేడు. అలగే, సెప్పిన మాట ఇన్నాడు.

వానలెల్లాక ఆణ్ణి సూడ్డానికి ఆల ఊరెల్లేను. ఇంటెనక మోటారు సెడ్డులో ఉన్నాడు. కాలికి తాడు, ఎద్దుల్ని కట్టీ తాడు. ఆడి ఒదినగారు నాకు టీ ఇచ్చి మర్యాద సేసింది. మందు ఏస్తన్నారా అనడిగితే, “ఆడు మింగడు కదప్పా, మీ కాయితంలోనే ఉన్నాది, ఆడికి ఆడే మానేసేడని. బళ్ళో మేష్టారు సదివి సెప్పేరు. మింగనోడికి తేవడం ఎందుకు?” అన్నాది.

సెడ్డులో ఆడి ముందు కూకున్నాను. “ఒరే, నానురా, అప్పని.” నా మొహం కేసి సూసేడు. తెలిసింది ఆడికి, తెలియకపోడం కాదు. తాడున్న కాలు దగ్గరికి లాక్కుని అటు తిరిగిపోయేడు.

“మాటాడ్డం మానేసేడు” అన్నాది ఒదినగారు. “మాకూ సుకమే, అరుపుల్లేవు.”

ఆడి అన్నకి సెప్పేను. మందు ఆడు మాన్లేదు, మానిపించేరు, నా అబద్దం మూలంగా మానిపించేరని సెప్పేను. నాకేసి ఎగాదిగా సూసేడు. “నోటి మాట ఎవడిక్కావాలప్పా? రేపు ఇంకోటి సెప్తావు. కాయితం మార్సి పట్రా, తాడిప్పుతాను.”

మేడమ్ కాడికెల్లేను. ఆమె తిట్లేదు, తిడితే బాగుండేది. “నోటితో చెప్తే ఫైల్లోకి ఎక్కదు. జరిగింది జరిగినట్టు రాయించి సంతకం పెట్టి తీసుకురా. అతన్ని మళ్ళీ తెచ్చుకుందాం. ఒక పేజీ చాలు. అది ఇచ్చాక నిన్ను మాత్రం పనిలో ఉంచుకోలేను, ముందే చెప్తున్నాను.”

ఒక పేజీలో ఇది పట్టదు. ఒక పేజీలో రాస్తే నాను మంచిదాన్నయిపోతాను.

ఇందాకే మా మేనకోడలు పెన్ను ఆపి, “అత్తా, బయమేసిందన్నది తీసేసి ఆ ఆడపిల్లల మాట ఒక్కటీ ఉంచుదాం. నీ పని నిలబడతాదేమో” అన్నాది. ఒసే గుంటా, నా పని నిలబెట్టుకుందామనే కదే ఆణ్ణి ఎద్దులా కట్టించేను? ఎవలికీ తీపి రాయకు, నాకూ రాయకు. సంతకం నా పేరు నాను పెట్టుకోగలను, అంత సదువు ఉన్నాది. రాసింది సదవడం రాదు. నువ్వేటి రాసేవో నాకెలగ తెలుస్తాది? ఏదీ, ఇలగ దగ్గరికొచ్చి కూకో. గట్టిగా సదువు. నా మాటలు ఎక్కడైనా తగ్గించేవంటే ఆపుతాను.