పడమటి గోడ పెచ్చు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే బస్సులో నా ఒళ్లో ఆరు పొట్లాలున్నాయి. ఒక పల్లెలోని పాత రాతి చర్చి గోడల పెచ్చులవి. అన్నిటికీ నంబర్లు వేశాను. తాతలు కట్టిన గోడలని సంఘం వాళ్లకు ప్రాణం. అయినా చెమ్మతో ఉబ్బిన పడమటి గోడను పడగొట్టాలని ఇంజనీరుగా నివేదిక రాశాను. సంతకం ఒక్కటే మిగిలింది.

పక్క సీటు పెద్దాయన బేల్దారి, గోడలు కట్టే మేస్త్రీ. "ఏందప్పా అవి?" అన్నాడు. చెప్పాను. ఒక్కో పెచ్చునూ నాలుకకు ఆనించి చూసి, నాలుగోది పక్కన పెట్టాడు.

"తక్కినవన్నీ సున్నం, నాలికకు అతుక్కుంటాండాయి. ఇది సిమెంటు. యాడిది?"

"పడమటి గోడది."

"పైన సిమెంటు పూసినారు, చెమ్మ బయటికి రాలేక లోపలే నిలిచి పూత ఉబ్బింది. అది గీకేసి సున్నం పూయించు, గోడ నిలబడతాది. మీరు చదువుకున్నోళ్లు, నాకి చూడరు గదా."

నవ్వుతూ శిరివెళ్లలో దిగిపోయాడు.

మరుసటి రోజే వెళ్లి ఒక మూల సిమెంటు గీకించాను. వెనక రాయి గట్టిగా ఉంది. నివేదిక మార్చి రాశాను.

మొన్న క్రిస్మస్‌కు సంఘం వాళ్లు నక్షత్రాన్ని ఆ పడమటి గోడకే కట్టారు.