ఉడకబెట్టిన తెల్లచీర

అక్క డ్యూటీ చీరను ఉడకబెట్టింది నేను. పోలీసులు అడిగినప్పుడు ఆ మాట చెప్పలేదు. తర్వాత బాపు అడిగినప్పుడూ చెప్పలేదు. చెప్పకపోవడమే కాదు, ఆ పూట నేను అసలు ఇంట్లోనే లేనన్నాను.

మాది సిరిసిల్ల. ముందు అర్రలో బట్ట నేసే సాంచెలు నడిచేవి, వెనక గదిలో మేం బతికేవాళ్లం. అక్క నర్సు చదివి కోరుట్ల సర్కారు దవాఖానలో చేరింది. అప్పటికి కాంట్రాక్టు ఉద్యోగమే. పర్మినెంటు చేస్తారని ఆ ఏడంతా అనుకుంటున్నారు. నేను ఇంటర్ తప్పి తిరుగుతున్నాను. ఖాళీగా తిరిగే వయసు పిల్లలను అయితే అన్నలు, అంటే నక్సలైట్లు, పిలిచేవాళ్లు, కాకుంటే పోలీసులు పిలిచేవాళ్లు. కోరుట్లలో అక్క కళ్లముందు ఉంటానని బాపు నన్ను అక్కడికి పంపాడు.

అక్కకు తెల్లచీరలు ఎక్కువ లేవు. ఒకటి ఒంటిమీద, ఒకటి దండెం మీద, ఒకటి మడతలో. వాటిని ఉతకడం నా పని. చాకలికి వేస్తే దవాఖాన బట్టలు పదిమంది బట్టల్లో కలుస్తాయని అక్క ఒప్పుకునేది కాదు. డ్యూటీ నుంచి రాగానే స్నానాల గదిలో చీర విప్పి వేరే బకెట్లో వేసేది. ఆ బకెట్‌ను ఇంకో పనికి వాడనిచ్చేది కాదు. ఉతికాక చివరి నీళ్లలో నీలిమందు, ఆ తర్వాత పలచటి గంజి. గంజి సంగతి నాకెవరూ నేర్పలేదు. నూలుకు గంజి పట్టించే ఇంట్లో పుట్టినవాణ్ణి. బొగ్గుల ఇస్త్రీ పెట్టె నుంచి నిప్పురవ్వ పడకుండా, చీర మీద తడిబట్ట పరిచి రుద్దేవాణ్ణి.

మొదట్లో చీరలు ముంగట ఆరేసేవాళ్లం. ఒకరోజు ఇల్లుగలామె వచ్చి నిలబడింది.

"గా పురుడు బట్టలు ఈడ ఆరెయ్యకు పిలగా. మా కోడలు నీళ్లోసుకున్నది. కండ్లల్ల పడొద్దు."

అక్క లోపలి నుంచే అంది. "నీ కోడలు రేపు మా కాడికే రావాలె పెద్దమ్మా. గీ బట్టల మీదనే నీ మనుమన్ని ఎత్తుకుంట."

"అచ్చినప్పుడు జూద్దాం తియ్యి. ఇప్పుడైతె ఎనుకకు కట్టుకోన్రి."

అప్పటి నుంచి దండెం స్నానాల గది వెనక్కి పోయింది. అక్కడ ఆరేసిన బట్ట బజారుకు కనబడదు.

నెత్తురు మరక గురించి అక్క నాకు చాలాసార్లు చెప్పింది. చల్లనీళ్లు, ఉప్పు, వెంటనే. వేడి తగలకూడదు.

ఆ రోజు నైటు డ్యూటీ చేసి పొద్దున వచ్చింది. నడుం నుంచి మోకాళ్ల దాకా చీర ఎర్రగా ఉంది. మెట్‌పల్లి దిక్కు ఊరి నుంచి ఒక బీడీలు చేసే పిల్ల కాన్పుకు వచ్చిందట. బిడ్డ పుట్టాక నెత్తురు ఆగలేదట. "ఇద్దరు బతికిన్రు," అని అక్క బకెట్ నా ముందు పెట్టింది. "సల్లనీళ్లల్ల నానెయ్యి తమ్మీ. మర్శిపోకు." వెళ్లి పడుకుంది.

నేను నీళ్లు పోయకుండానే క్యారమ్స్ ఆడడానికి బయటికి పోయాను. మధ్యాహ్నం వచ్చేసరికి చీర బకెట్లోనే ఎండి అట్టకట్టింది. ఎంత రుద్దినా కదల్లేదు. అప్పుడు ఇల్లు గుర్తొచ్చింది. పచ్చి నూలు పసుపుగా ఉంటే బాపు సోడా వేసి ఉడకబెట్టేవాడు. తెల్లగా వచ్చేది. తెల్లబట్టకు అంతకన్నా మందు లేదని మా ఇళ్లల్లో అందరి నమ్మకం. కిరోసిన్ స్టవ్వు మీద పెద్ద బగోనె పెట్టి, సోడా వేసి, చీరను అందులో తొక్కాను. తీసేసరికి మరక డికాషన్ రంగుకు తిరిగి నూలులోకి దిగిపోయింది.

అక్క లేచి చూసి నవ్వింది.

"ఇది నూలు లడి అనుకున్నవార? నెత్తురు ఉడికితె గుడ్డు తీరు గట్టిపడ్తది. ఇగ పోదు."

"బాపు గిట్లనే జేస్తుండె గదా."

"బాపు సాంచె మీదికి జేసిండు. సాంచె పిల్లల్ని కంటదా?"

తనే పిండి వెనక ఆరేసింది. చింపి పక్కబట్టలకు వాడుకుందామంది. అంతటితో అయిపోయిందనుకున్నాను.

మర్నాడు పొద్దున పోలీసులు వచ్చారు. రుద్రంగి దిక్కు కాల్పులు జరిగి, దెబ్బ తగిలిన మనిషి ఒకడు తప్పించుకున్నాడట. నర్సుల ఇళ్లు, కాంపౌండర్ల ఇళ్లు వెతుకుతున్నారు. ఎస్సై స్టవ్వు పక్కన బగోనెలో మిగిలిన సోడానీళ్లు చూశాడు. వెనక్కి వెళ్లి లాఠీ కొనతో చీర ఎత్తాడు.

"ఇదేంది?"

"డ్యూటీ చీర సార్. కాన్పు కేసు."

"కాన్పు నెత్తురైతె సోడాల ఉడకబెట్టుడేంది? ఎనుక దాసుడేంది?"

"ఇల్లుగలామె ముంగట ఆరెయ్యనియ్యది సార్."

ఇల్లుగలామె గడపలో నిలబడి ఉంది. "నాకేం ఎరుక లేదు బాంచెన్," అంది.

"ఎవరు ఉడకబెట్టిన్రు?"

ఎస్సై నా వైపు తిరిగాడు.

"నిన్న యాడున్నవ్‌రా?"

"ఊరికి పోయిన సార్. రాత్రి అచ్చిన. నాకు తెల్వది."

అక్క నా వైపు చూడలేదు. "నేనే ఉడకబెట్టిన సార్," అంది. చెప్పులు వేసుకుంది. చీరను పేపరులో చుట్టి కానిస్టేబులు చంకలో పెట్టుకున్నాడు. జీపు పోయింది.

ఆ పూట నేను అన్నం వండుకున్నాను. తిన్నాను. గిన్నెలు కడిగాను. ఏడుపు రాలేదు. ఇప్పుడు తలుచుకున్నా రాదు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి, అంతే గుర్తుంది.

పెద్ద డాక్టరు వెళ్లి మాట్లాడితే తెల్లారి సాయంత్రం వదిలారు. "కొట్టలే. కూసోనియ్యలే," అంది అక్క. ఒంటిమీది చీర తనే ఉతుక్కుంది. ఆ తర్వాత ఆ బకెట్ నా చేతికి రాలేదు.

పర్మినెంటు లిస్టులో అక్క పేరు రాలేదు. స్టేషనుకు పోయొచ్చిన మనిషి అన్నారు. ఎల్లారెడ్డిపేట దిక్కు వేశారు. పోలీసుల అనుమానం పోలేదు, అక్కడి నుంచి జగిత్యాల పోయి పోలీసు ఆఫీసులో సంతకం పెట్టి రావాలి. బస్సులో పోయేది, సంతకం పెట్టేది, వచ్చి డ్యూటీ ఎక్కేది. అది ఏండ్లు సాగింది. తనతో చేరినవాళ్లంతా పర్మినెంటు అయ్యాక, ఎప్పటికో తనదీ అయింది.

సిరిసిల్లలో కథ ఇంకోలా నడిచింది. అన్నలకు కట్టు కట్టిందని, గుర్తు దొరకకుండా చీర ఉడకబెట్టిందని. మొదట్లో బాపు భయపడ్డాడు. కాలం నెమ్మదించాక గొప్పగా చెప్పుకున్నాడు. హోటల్లో నేనూ చెప్పాను, మా అక్కది గుండె ధైర్యమని. విన్నవాళ్లు నాకు చాయ్ తాగించారు.

ఒకసారి బాపు అట్లా చెబుతుంటే అక్క నాతో మెల్లగా అంది. "నేను అన్నలను కండ్లజూడలే. నేను బతికిచ్చింది గా బీడీల పిల్లను. గామె ఎవ్వలకు యాదికి లేదు." నేను తల ఊపి ఊరుకున్నాను.

పోయిన ఏడు అక్క జగిత్యాలలో రిటైరైంది. ఇంటి దగ్గర చుట్టాలకు భోజనాలు పెట్టాం. బాపు కుర్చీలో ఉన్నాడు, చెవులు ఇంకా వినబడతాయి. చేతులు కడుక్కొని వచ్చిన మా మేనమామ, నా పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకున్నాడు. "మీ అత్త అంటె ఎవరనుకున్నర్రా, అన్నల నెత్తురు..." అని మొదలుపెట్టాడు. అక్క విస్తరాకులు తీస్తోంది. చేతులు ఆగాయి.

"ఆగు మామా," అన్నాను. "గది అబద్ధం. అక్క అన్నలకు కట్టు కట్టలే. అది కాన్పు నెత్తురు. నెత్తురు ఆగని తల్లిని అక్క బతికిచ్చింది. నానెయ్యమన్న చీరను నేను నానెయ్యలే. ఉడకబెట్టింది నేను. పోలీసులు అడిగితె ఊళ్లె లేనన్న. అక్క నా మీదికి రాకుంట తన మీద ఏసుకున్నది."

బాపు కుర్చీలో ముందుకు వంగాడు. నేను అక్క వైపు తిరిగాను.

"అక్కా, నీ పర్మినెంటు నా నోటి వల్ల ఆగింది. నువ్వు చేసిన పని మీద నేను ఇంకో కథ కప్పిన. తప్పు నాది. మాఫ్ చెయ్యి."