మలుపు దాకా వచ్చే అమ్మ

ఆమె సిటీ బస్సు నడిపేది, కండక్టరు లేని బస్సు కాబట్టి టికెట్లూ తనే కొట్టేది. తెల్లవారుజామునే డిపోకి వెళ్ళి, మధ్యాహ్నం డ్యూటీ దిగి, యూనిఫాంతోనే కూతురి బడి గేటు దగ్గరికి పరుగెత్తేది. కూతురికి ఏడేళ్ళు. ఇంట్లో పిడుగు అని పిలిచేవారు, ఆ పిల్ల ఆ పేరుకు ఏ లోటూ రానివ్వలేదు. గంట కొట్టగానే అందరికంటే ముందు దూసుకొచ్చి తల్లి నడుముకు చుట్టుకుపోయేది. అక్కణ్ణుంచి ఇంటిదాకా నోటికి తాళం ఉండేది కాదు. పొద్దుట్నుంచి హారన్ల మోతలో, చిల్లర తగాదాల్లో నలిగిన ప్రాణానికి ఆ నడకే ఊరట.

ఒకరోజు భోజనం దగ్గర పిడుగు పళ్ళెంలోకి చూస్తూ అంది. "రేపట్నుంచి నన్ను తీసుకురావడానికి నాన్నని పంపమ్మా."

"ఏం తల్లీ, నేనేం చేశాను?"

"ఏం లేదు. నాన్నే రావాలి."

భర్త కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసేవాడు. మధ్యాహ్నం కాసేపు వీలు చేసుకోగలడు. "సర్లే, ముచ్చటపడుతోంది, నేనే వెళ్తాను" అన్నాడు. తన ఒంటి నుంచి డీజిల్ వాసన కొడుతోందేమో, దానికి సిగ్గుగా ఉందేమో అని ఆమె అనుకుంది. అదే అడిగితే పిల్ల తల అడ్డంగా ఊపింది.

మధ్యాహ్నాలు ఇంట్లో ఊరికే కూర్చోలేక, తోటి డ్రైవరు సెలవు పెడితే అతని డ్యూటీ కూడా తీసుకుంది. ఆ బస్సు బడి వీధి మీదుగానే పోతుంది. బడి వదిలే వేళకు సిగ్నల్ దగ్గర ఆగితే, తండ్రి చెయ్యి పట్టుకుని గెంతుతూ పోతున్న పిడుగు కనిపించింది. ఏదో చెబుతోంది, అతను పగలబడి నవ్వుతున్నాడు. ఆ మాటలేమిటో వినాలని ఆమె ప్రాణం కొట్టుకుపోయింది. పచ్చలైటు పడిన సంగతే చూసుకోలేదు.

"డ్రైవరమ్మగారు నిద్రపోయారా ఏంటి?" అన్నారెవరో వెనక నుంచి.

ఆదివారం పిల్లకి తల దువ్వుతూ మళ్ళీ అడిగింది. తల దువ్వేటప్పుడు మొహాలు ఎదురుపడవు కాబట్టి కాబోలు, ఈసారి మాట బయటికొచ్చింది.

"నువ్వొస్తే మా క్లాసువాళ్ళు నవ్వుతారమ్మా. నువ్వు మా ఇంట్లో పనిమనిషివట. నల్లవాళ్ళ పక్కన కూర్చోకూడదట, మనమంతా ఎక్కణ్ణుంచి వచ్చామో అక్కడికే పోవాలట. నాన్న వస్తే ఎవరూ ఏమీ అనరు. నాన్న వాళ్ళలాగే తెల్లగా ఉంటాడు కదా."

దువ్వెన ఆగిపోయింది.

"నిన్ను అంటే నాకు ఏడుపొస్తుంది. అందుకే రావద్దన్నాను."

వంటగదిలో ఉన్న భర్త అంతా విన్నాడు. ఆమెను పక్కకు పిలిచి, "చిన్నపిల్లలు, ఏదో వాగుతారు. పెద్దది చెయ్యకు, మర్చిపోతారు" అన్నాడు.

"మర్చిపోయేది అన్నవాళ్ళు. విన్నవాళ్ళు కాదు."

అతను మంచివాడే, కానీ అలాంటి మాట ఎప్పుడూ అతని మీద పడలేదు. ఆమె మీద పడింది. పిడుగంత వయసులో ఆమె బడి నుంచి ఏడుస్తూ వస్తే, వాళ్ళమ్మ మొహం కడిగి "పట్టించుకోకు" అని పనిలో పడిపోయేది. ఒక్కసారి దగ్గర కూర్చోబెట్టుకుని ఏదైనా చెబుతుందేమోనని ఎన్ని సాయంత్రాలు అమ్మ కొంగు పట్టుకుని తిరిగిందో. అమ్మ పోయి చాలాకాలమైనా, ఆ చెప్పని మాట కోసం మనసు ఇప్పటికీ లాగుతూనే ఉంటుంది.

వెనక్కి వచ్చి పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

"నా రంగు మా అమ్మది. ఆమెది వాళ్ళమ్మది. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. రంగు చూసి, పుట్టుక చూసి మనిషిని తక్కువ చెయ్యడం తప్పు. ఆ తప్పు అన్నవాళ్ళది. నీదీ కాదు, నాదీ కాదు."

"రేపు మళ్ళీ అంటారా?"

లేదు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. "అనొచ్చు తల్లీ."

"బస్సులో నిన్ను కూడా అంటారా?"

"అప్పుడప్పుడు."

"అప్పుడేం చేస్తావు?"

"టికెట్టు కొట్టి, వాళ్ళ స్టాపులో దింపేస్తాను."

పిల్ల కిసుక్కున నవ్వింది. "ఏడుపు రాదా?" అంది.

"వస్తుంది. బస్సు డిపోలో పెట్టాక ఏడుస్తాను. నీకొస్తే నా దగ్గరికొచ్చి ఏడువు, దాచుకోకు. నన్ను కాపాడాల్సిన పని నీకు లేదు. నిన్ను కాపాడాల్సింది నేను."

మర్నాడు భార్యాభర్తలిద్దరూ టీచరు దగ్గరికి వెళ్ళారు. ముందు మాట్లాడింది అతనే. టీచరు నొచ్చుకుంది, క్లాసులో అందరికీ చెప్పింది. కొందరు అలా అనడం మానేశారు. ఒకడు మానలేదు. వాడి తల్లి ఇప్పటికీ ఈమెను చూస్తే మొహం తిప్పుకుంటుంది.

పిడుగు మళ్ళీ అమ్మనే రమ్మంది. కాకపోతే గేటు దాకా వద్దంది, మందుల షాపు మలుపు దాకా వస్తే చాలంది. "ఇంకొన్నాళ్ళేనమ్మా" అంది, తనే తల్లిని బుజ్జగిస్తున్నట్టు.

ఆమె సరేనంది. రోజూ ఆ మలుపులో నిలబడుతుంది. గంట కొట్టగానే పిల్లలు పరుగెత్తుకొచ్చి తల్లులను వాటేసుకోవడం అక్కణ్ణుంచి కనబడుతుంది. ఏం చెయ్యాలో తెలియని చేతులు బ్యాగు పట్టీని సర్దుతుంటాయి. పిడుగు నడిచే వస్తుంది. మలుపు తిరిగాకే చెయ్యి అందిస్తుంది.

మొన్న మాత్రం మలుపుకు కాస్త ముందే అందించింది. ఆమె ఏమీ అనలేదు. అంటే ఎక్కడ వెనక్కి తీసుకుంటుందోనని.