కొలవకుండ రాసిన బీపీ

సకల జనుల సమ్మె మొదలై ఇరవై రోజులు దాటింది. బస్సులు డిపోలు దాటుత లేవు. బడులు బందున్నయి. ఆఫీసుల తాళాలు తీసేటోళ్లు లేరు. రోడ్డు మీద దినాం తిరిగేది ఒక్క అంబులెన్సే. అందుకే కోరుట్ల అంబులెన్సుల పనిచేసే ప్రవీణకు మనుషులంటేనే విసుగు పుట్టింది.

ప్రవీణది సిరిసిల్ల. తండ్రి రాజయ్య షావుకారి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేస్తడు, తల్లి కళావతి ఇంట్ల నూలు కండెలు చుడుతది. ప్రవీణ డిగ్రీల సైన్సు చదివి, దారిల రోగిని ఎట్ల కాపాడాల్నో శిక్షణ తీసుకొని, నాలుగేండ్ల సంది గీ కొలువు చేస్తున్నది. పొద్దుగాల ఎనిమిదింటికి బండెక్కితే మాపటికి ఎనిమిదింటికి దిగాలె. దిగాలంటే బదులు మనిషి రావాలె గదా. ఆ బదులు మనిషి నరేశ్‌ది బుగ్గారం. బస్సు లేదు, ఎట్ల రావాలె అని ఫోన్ల చేతులెత్తేసిండు. మూడు రోజుల సంది ప్రవీణ అంబులెన్సు నిలిపే కాడి రేకుల రూముల గంటో అరగంటో నడుం వాలుస్తున్నది, ఫోన్ మోగితే లేస్తున్నది.

సూపర్వైజరుకు చెప్తే, "అడ్జస్ట్ చేసుకోవాలమ్మా, అందరికి ఉన్న కష్టమే" అన్నడు.

"అందరు ఇంట్ల ఉన్నరు సార్, బండ్ల ఉన్నది నేనే" అన్నది. ఆయన ఫోన్ పెట్టేసిండు.

తెలంగాణ వద్దని ఆమెకు లేదు. సిరిసిల్లల మానవహారం కట్టిననాడు డ్యూటీ దిగి, యూనిఫాం సుత విప్పకుండ వరుసల నిలబడ్డ మనిషే. ఆమె బాధ వేరు. బస్సులు బందైన కాన్నుంచి జనం అంబులెన్సును బస్సు చేసుకున్నరు.

మొన్నటికి మొన్న కథలాపూర్ దిక్కు నుంచి ఎల్లన్న అనే ఆయన ఛాతిల నొప్పని ఫోన్ చేసిండు. పోయి స్ట్రెచర్ మీద పండవెట్టి, ఆక్సిజన్ పెట్టి, దారి పొడుగున నాడి చూసుకుంట తీసుకపోయింది. జగిత్యాల దవాఖాన గేటు కాడ బండి ఆగంగనే ఎల్లన్న లేచి కూసున్నడు. మాస్కు తీసి పక్కకు పెట్టి, జేబుల దువ్వెన తీసి తల దువ్వుకున్నడు.

"నీ చెయ్యి మంచిది చెల్లె, నొప్పి పోయింది" అని, సంచి పట్టుకొని చుట్టాలింటికి నడిచిండు.

అదే గంటల ఒక నిండు గర్భిణి ఇంటోళ్లు ఫోన్ చేసిన్రట. బండి జగిత్యాలల ఉండె. మంత్రసాని నర్సక్క ఇంట్లనే కాన్పు చేసింది. తల్లీపిల్లా బాగనే ఉన్నరు గని, ఆ సంగతి విన్నంక ప్రవీణ కడుపుల మంట చల్లారలే. బండి నడిపే గంగారాంతోటి, "ఇగ ఒక్కని మాట నమ్మ అన్నా" అన్నది.

"నమ్మినా నమ్మకున్నా పోవుడు తప్పదు గదా చెల్లె" అన్నడు గంగారాం.

ఆ తెల్లారి పదకొండింటికి కాల్ వచ్చింది. హైదరాబాదుల ఫోన్లెత్తే పిల్ల, "ముత్యంపేట, కడుపుల మంట, వాంతులు, ఆడమనిషి, అరవై ఏండ్లు" అన్నది.

"ఏ ముత్యంపేట?"

"ల్యాండ్‌మార్క్ చక్కెర ఫ్యాక్టరీ అంటున్నారు మేడం. ఆ ఫ్యాక్టరీ ఎక్కడుంటుంది?"

"నన్నడుగుతవా?" అన్నది ప్రవీణ. అయినా మల్లాపూర్ మండలం ముత్యంపేటనే అని అర్థమైంది. బయలెల్లిన్రు.

వాడకట్టు మొదట్లనే మనిషి తయారుగ ఉన్నది. పేరు లచ్చవ్వ, కూలి పని చేసుకునే మనిషి. కొత్త చీర కట్టింది, కొప్పు పెట్టింది. కాళ్ల కాడ చేసంచి, దాంట్ల మక్క కంకులు, ఒక స్టీలు డబ్బ. మొగడు మైసయ్య పక్కన నిలబడి సంచి సర్దుతున్నడు.

"ఏమైతుందవ్వా?"

"పొద్దటి సంది కడుపుల మంట బిడ్డా. వాంతికొచ్చినట్టు అయితున్నది. కాళ్లల్ల బలం లేదు."

"సరే, కోరుట్ల దవాఖానకు పోదాం."

"కోరుట్ల వద్దు, జగిత్యాలకే తోల్కపోండ్రి. ఆడ నా బిడ్డ మంజుల ఉంటది. పండుగకు రాకపాయె, దాన్ని చూడక రెండు నెలలాయె."

ప్రవీణ గంగారాం మొకం చూసింది. గంగారాం స్టీరింగు దిక్కు చూసిండు. వాదులాడే ఓపిక లేక, జగిత్యాలకే పోదామన్నది ప్రవీణ.

ఆమె స్ట్రెచర్ దించలే. లచ్చవ్వను పక్క బల్ల మీద కూసోవెట్టింది, మైసయ్యను ముందట ఎక్కమన్నది. కేసు కాయితం తొడ మీద పెట్టుకొని పేరు, ఊరు, వయసు నింపింది. బీపీ అని ఉన్న గడి కాడికి వచ్చింది. బీపీ మిషన్ తల మీది అరల ఉండె. లేవాలె, తీయాలె, పట్టీ చుట్టాలె. మూడు రోజుల నిద్ర లేని పానం లేవనియ్యలే. బిడ్డను చూడవొయ్యే మనిషికి బీపీ ఏంది అనుకున్నది. నూట ఇరవై, ఎనభై అని రాసింది. నాడి డెబ్బై ఆరు అని రాసింది. రెండూ చూసి రాసినయి గావు.

"అవ్వా, చుట్టాలింటికి పోవాల్నంటే ఆటో మాట్లాడుకోవాలె. ఈ బండి పానం మీదికి వచ్చినోళ్లకు" అన్నది, కాయితం మీంచి తల లేపకుండ.

లచ్చవ్వ చీర కొంగుతోటి మెడ తుడుసుకున్నది.

కోరుట్ల దాటంగనే జగిత్యాల రోడ్డు మీద వంటా వార్పు నడుస్తున్నది. రోడ్డు నడిమిట్ల రాళ్లు పెట్టి, పొయ్యిలు ముట్టిచ్చి, పెద్ద గంజుల్ల అన్నం వండుతున్నరు. రెండు దిక్కుల లారీలు ఆగి ఉన్నయి. అంబులెన్సు వస్తే ఎన్నడూ తొవ్వ ఇచ్చేటోళ్లే. ఇయ్యాల సురేశ్ అనే పిలగాడు, అక్కడి తెలంగాణ జేఏసీల తిరిగేటోడు, చెయ్యడ్డం పెట్టిండు.

"అక్కా, పేషెంటును చూపెట్టుండ్రి. నిన్న ఇదే బండ్ల ఒకాయన చుట్టాలింటికి పోయిండట. మేం తొవ్వ ఇచ్చినం. ఊరంత మమ్ముల నవ్విన్రు."

ఎనుక తలుపు తీసిండు. బల్ల మీద కొత్త చీరల లచ్చవ్వ కూసొని ఉన్నది. పక్కన మక్క కంకులు.

"గీమెనా పేషెంటు?"

ప్రవీణకు ఒళ్లు మండింది. సురేశ్ మీదనా, లచ్చవ్వ మీదనా, సూపర్వైజరు మీదనా ఆమెకే తెల్వలే. "తలుపు మూయి తమ్మీ. పేషెంటా కాదా చెప్పెటందుకు నువ్వు డాక్టర్వా?" అన్నది. గని ఆమె మనసుల ఉన్న మాటనే ఆ పిలగాడు అడిగిండు.

గప్పుడు లచ్చవ్వ లేచింది. "లొల్లి వద్దు బిడ్డా. పొద్దటి సంది ఈ బిడ్డ నన్ను దొంగను చూసినట్టు చూస్తున్నది, ఇప్పుడు నువ్వు. నేను దొంగదాన్ని గాదు. దిగి నడుస్త" అని మెట్టు మీద కాలు పెట్టింది. రెండో కాలు భూమికి ఆనంగనే మోకాళ్లు మడతపడ్డయి. సురేశ్ పట్టుకోకుంటే మొకం మీద పడుతుండె.

ప్రవీణ ఒక్క దుంకు దుంకింది. చెయ్యి పట్టుకుంటే మంచు ముద్ద లెక్క ఉన్నది. మెడ, నొసలు చెమటతోటి తడిసినయి. నాడి దొరుకుడే కష్టమైంది. దొరికినంక గడియారం చూసుకుంట లెక్కవెట్టింది. నిమిషానికి నలభై నాలుగు.

"అన్నా, స్ట్రెచర్!" అని కేకేసింది.

గంగారాం, సురేశ్, ఇంక ఇద్దరు కలిసి ఎక్కిచ్చిన్రు. అప్పుడు తీసింది బీపీ మిషన్. డెబ్బై ఎనిమిది మీద యాభై. ఇంకోసారి చూసింది. అంతే.

ఆడోళ్లకు, పెద్ద వయసోళ్లకు, షుగర్ ఉన్నోళ్లకు గుండె నొప్పి ఛాతిల రాకుండ కడుపుల మంట లెక్క, వాంతి లెక్క, నీరసం లెక్క రావొచ్చని శిక్షణల మొదటి వారమే చెప్పిన్రు. పరీక్షల ఆ ప్రశ్నకు ఆమె పూర్తి మార్కులు తెచ్చుకున్నది సుత.

"అవ్వా, షుగర్ ఉన్నదా నీకు?"

"ఉన్నది బిడ్డా. నువ్వడగకపోతివి."

ఆ మాట ప్రవీణకు చెంప మీద కొట్టినట్టే తాకింది. కాళ్ల కింద దుప్పటి మడతవెట్టి ఎత్తుగ చేసింది, ఆక్సిజన్ పెట్టింది, సలహా చెప్పే డాక్టరుకు ఫోన్ కలిపింది. ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఆస్పిరిన్ నమిలించండి. నాలుక కింద గోలీ మాత్రం పెట్టొద్దు, బీపీ ఇంకా పడిపోతుంది. సెలైన్ మొదలుపెట్టండి. కోరుట్లలో ఆగకండి, గుండె ఇంజెక్షన్ జగిత్యాలలో ఉంది" అన్నడు డాక్టరు.

ఆస్పిరిన్ నమిలిచ్చింది. సెలైన్ సూదికి మొదటిసారి నరం దొరకలే, రెండోసారి దొరికింది. బయట సురేశోళ్లు మండుతున్న కట్టెలు గుంజి, గంజులు లేపి పక్కకు జరిపిన్రు. ఒక గంజు బోర్లపడి అన్నమంత రోడ్డు పాలైంది. ఎవ్వరూ దాని దిక్కు చూడలే. సురేశ్ మోటర్‌సైకిల్ ఎక్కి, జెండా ఊపుకుంట అంబులెన్సు ముందల పోయిండు. తొవ్వల ఇంక రెండు తాన్ల రాళ్లు, చెట్ల కొమ్మలు అడ్డమున్నయి. ఆయన ముందుగాల పోయి మొత్తుకుంట తీపిచ్చిండు.

దారి పొడుగూత ప్రవీణ లచ్చవ్వ చెయ్యి ఇడువలే. ఐదు నిమిషాలకోపాలి బీపీ చూసింది. "నిద్రపోకవ్వా, నాతోటి మాట్లాడు. డబ్బల ఏం తెచ్చినవ్?"

"సకినాలు. మంజులకిష్టం."

ముందట మైసయ్య ఎనుకకు తిరిగి తిరిగి చూస్తున్నడు. "ఏం గాదు గదా బిడ్డా" అని ఒక్కతీరుగ అడుగుతున్నడు. ప్రవీణ బీపీ పట్టీ మళ్ల చుట్టింది.

జగిత్యాలల ఈసీజీ తీసిన డాక్టరు, "గుండెపోటే" అని, రక్తపు గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇచ్చిండు. కాయితం చూసి ఆగిండు.

"పదకొండున్నరకు నూట ఇరవై ఎనభై ఉన్న మనిషికి అరగంటల డెబ్బై ఎనిమిదా?"

అవునంటే అయిపోతుండె. ప్రవీణ కాయితం తన దిక్కు తిప్పుకున్నది. "ఆ మొదటిది నేను చూడలే సార్. నాటకమాడుతున్నదనుకొని ఊకెనే రాసిన."

డాక్టరు తిట్టలే. అదే ఆమెకు కష్టమైంది. "కొట్టేసి, పక్కకు సంతకం పెట్టు" అని లోపలికి పోయిండు. ప్రవీణ కొట్టేసి, 'చూడలేదు' అని రాసి, సంతకం పెట్టింది.

మాపటికి సూపర్వైజరు ఫోన్. "కాయితంల కొట్టివేత ఏంది? ఇరవై నిమిషాల ఆలస్యమేంది?"

"రెండూ నిజమే సార్. మెమో ఇయ్యుండ్రి, తీసుకుంట. గని మూడు రోజుల డ్యూటీ సంగతి దాంట్లనే రాసియ్యుండ్రి."

మెమో వచ్చింది. మూడు రోజుల సంగతి దాంట్ల లేదు. ప్రవీణ జవాబుల తన తప్పు మొదట రాసింది, మూడు రోజుల లెక్క గంటలతో సహా దాని కింద రాసింది. ఆ జవాబుకు మళ్ల జవాబు రాలే. నరేశ్‌ను మాత్రం తెల్లారే మోటర్‌సైకిల్ మీద ఎవరో దించిపోయిన్రు.

లచ్చవ్వ బతికింది. తొమ్మిదో నాడు ప్రవీణ దవాఖానల చూడవోతే మంచం మీద కూసొని మంజుల చేత జడ ఏపిచ్చుకుంటున్నది. ప్రవీణ మాఫీ అడుగుదామనుకొని వచ్చింది.

"నేను ఆ పొద్దు..." అన్నది.

"ఏం పొద్దు? తిన్నవా నువ్వు? మొకం చూడు ఎట్ల పీక్కపోయిందో" అన్నది లచ్చవ్వ. మంజుల మాత్రం ప్రవీణ దిక్కు తిరిగి చూడలే, జడ ఏసుకుంటనే ఉన్నది. తల్లి అంతా చెప్పినట్టుంది.

బస్సులు తిరుగుడు మొదలైనంక ప్రవీణ చందుర్తి మీంచి సిరిసిల్ల బస్సెక్కింది. బస్సు కిక్కిరిసి ఉన్నది. యూనిఫాం చూసి ఒకాయన, "మేడం, మా మామకు మోకాళ్ల నొప్పులు, అంబులెన్సు ఇంటిదాంక వస్తదా?" అని అడిగిండు. ప్రవీణ పండ్లు కొరికి, "వస్తది, వచ్చి ముందుగాల బీపీ చూస్తది" అని కిటికీ దిక్కు మొకం తిప్పుకున్నది.