ఉప్పు వేసే చెయ్యి

మా ఆయన పోయిన ఏడాది నేను బెజవాడలో ఒక వంట మేళంలో చేరాను. మేళాన్ని నడిపే పెద్దావిడను అందరం దొడ్డమ్మ అనేవాళ్ళం. నా ఆశంతా ఉప్పుజాడీ మీదే. తరగడం, రుబ్బడం ఎవరైనా నేర్చుకుంటారు. కానీ పెళ్ళివంటను నైవేద్యానికి ముందు రుచి చూడకూడదు. అందుకని ఉప్పు ఒక్క చెయ్యే వెయ్యాలి, వేశాక గుండిగ అంచున కరివేపాకు రెమ్మ పెట్టాలి. రెమ్మ కనిపిస్తే ఇంకెవరూ ఉప్పు ముట్టుకోరు. రేపు మేళాన్ని నడిపేది కూడా ఆ చెయ్యే.

రెండేళ్ళకు దొడ్డమ్మ మేనకోడలు కూచిపూడి నుంచి వచ్చింది. నా ఈడుదే. వచ్చిన నెలకే జాడీ ఆమె చేతికి వెళ్ళింది.

"ఏమే, కళ్ళు దాని మీదే ఉన్నాయి? వంకాయలు తరుగుతున్నావా, వేళ్ళు తరుగుతున్నావా?" అంది దొడ్డమ్మ.

"నేనింకా కత్తిపీట దగ్గరే ఉన్నాను కదండీ."

"నువ్వు లేస్తే గుమ్మడికాయ అంత బాగా ఎవరు తరుగుతారే?"

మేనకోడలు కిసుక్కున నవ్వింది. ఒళ్ళంతా కారం పూసినట్టయింది నాకు.

ఒకసారి భవానీపురం దగ్గర తోటలో పెళ్ళి. గాడిపొయ్యి మీద గుమ్మడికాయ దప్పళం ఉడుకుతోంది. మేనకోడలు అందులో ఉప్పు వేసింది. అంతలో అన్నం వార్చడానికి కేకేస్తే, రెమ్మ పెట్టకుండానే పరుగెత్తింది. కాసేపటికి దొడ్డమ్మ వచ్చి ఖాళీ అంచు చూసింది.

"ఎక్కడ చచ్చిందే ఈ పిల్ల?" అంటూ తనే జాడీలో చెయ్యి పెట్టింది.

నేను నోరు విప్పకపోతే చాలు. మగపెళ్ళివారు విస్తళ్ళ ముందు నుంచి లేస్తారు, ఆమె కూచిపూడి బండెక్కుతుంది, జాడీ నాదవుతుంది. కానీ ఆ గుమ్మడికాయ ముక్కలు తెల్లవారుజాము నుంచి నేను తరిగినవి. ఒక్కటీ చితకలేదు. వాటిని ఎవరో ఉమ్మేయడం నాకిష్టం లేకపోయింది.

"ఉప్పు పడింది దొడ్డమ్మా. మీ మేనకోడలే వేసింది. రెమ్మ పెట్టడం మరిచిపోయింది. దానికా మాత్రం ధ్యాస ఉంటేగా!"

దొడ్డమ్మ పిడికిట్లో ఉప్పు తిరిగి జాడీలో పోసింది. ఇక మేనకోడలి పని అయిపోయిందనుకున్నాను.

"దానికి చెయ్యి ఉంది, మతి లేదు. నీకు కళ్ళున్నాయి. ఇవాళ్టి నుంచి దాని పక్కనే నిలబడు. అది ఉప్పు వెయ్యగానే నువ్వు రెమ్మ పెట్టు."

భోజనాల్లో వియ్యపురాలు దప్పళం మారు వేయించుకుని, ఉప్పు వేసిందెవరని అడిగింది. మేనకోడలు కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ ముందుకు వచ్చింది. గుమ్మడికాయ ఎవరు తరిగారని ఆవిడ అడగలేదు.